పుత్తూరు అవతల ఒక గుడి ఉండేది

గురువారం, తిరుపతి

పుత్తూరు నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసి “గుడి పడగొడతా ఉండారు. శనివారం జేసీబీ వస్తాదంట. చూసుకోవాలంటే బిన్నా రా” అంది. ఆమె చెప్పింది పుత్తూరుకి కొంచెం అవతల, మామిడి తోటల మధ్య మా అమ్మమ్మ ఊళ్ళో ఉన్న లూథరన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) చర్చి గురించి. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. పడగొట్టింది మావాళ్ళే. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. పేరు రాస్తే చదివినవాళ్ళంతా వాళ్ళ మీద పడతారు.

తిరుపతి స్టేషన్ బయట ఆటో ఆయన “దర్శనం టికెట్ ఉండాదామ్మా?” అని అడిగాడు. కొండకి కాదన్నాను. చర్చి పని మీద వచ్చానంటే “తిరపతికొచ్చి చర్చికా!” అని గట్టిగా నవ్వాడు. వెటకారమేం లేదులెండి, నిజంగానే వింతగా అనిపించినట్టుంది. దారంతా నన్నే ఏవేవో అడుగుతూ వచ్చి, దిగేటప్పుడు నూట యాభై చెప్పి నూట ఇరవై తీసుకున్నాడు.

అంత వింతేమీ కాదు. సౌత్ ఆంధ్రా లూథరన్ చర్చి ప్రధాన కార్యాలయం ఉన్నది ఈ తిరుపతిలోనే. జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్ మిషన్ తరఫున ఆగస్ట్ మీలియుస్ అనే పాదిరి 1865లో సూళ్ళూరుపేటలో పని మొదలుపెట్టాడు. తర్వాత నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి ఇలా ఒక్కో ఊరికీ పాకారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి జర్మన్లు ఇంగ్లీషు సర్కారుకి శత్రువులయ్యారు, ఇక్కడ ఉండనివ్వలేదు. వాళ్ళు వదిలిన పనిని అమెరికా నుంచి ఒహాయో లూథరన్లు వచ్చి అందుకున్నారు. 1945లో ఇక్కడి సంఘాలన్నీ కలిసి సొంతంగా నిలబడ్డాయి. ఇంత పెద్ద కథలో మా అమ్మమ్మ ఊరి గుడి ఎక్కడో మూలన ఉంటుంది. దాన్ని ఏ దొర కట్టించాడో, ఎప్పుడు కట్టించాడో ఊళ్ళో ఏ ఇద్దరూ ఒకే మాట చెప్పరు.

సాయంత్రం గోవిందరాజస్వామి గుడి వైపు నడిచాను. బండి మీద మిరపకాయ బజ్జీలు, మసాలా బొరుగులు. గుండు చేయించుకుని దిగొచ్చిన తమిళ కుటుంబం ఒకటి నా పక్కన నిలబడి, చిన్నపిల్ల బజ్జీలో మిరపకాయ తీసేసి ఒట్టి పిండి తినడం చూసి నవ్వుకుంటోంది. ఊరంతా ఏదో ఒక గుడికి వచ్చినవాళ్ళే, నేనూ అంతే.

శుక్రవారం, చంద్రగిరి

పెద్దమ్మ కొడుకు, మా అన్న, సాయంత్రానికి గానీ ఖాళీ కాడు. పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి చంద్రగిరి వెళ్ళాను. కోట చూడాలన్న సరదా కొంత, ఎక్కడో చదివిన ఇంకో సంగతి కొంత.

పెనుకొండ నుంచి రాజధానిని ఇక్కడికి తెచ్చిన విజయనగర రాజు రెండో వెంకటపతిరాయల దర్బారుకి 1598లో మైలాపూరు వైపు నుంచి జెసూట్ (ఒక కేథలిక్ సంఘం) పాదిరీలు వచ్చారు. రాయలు వాళ్ళకి మర్యాద చేసి, చర్చి కట్టుకోడానికి ఒప్పుకున్నాడు. ఆయనకి బొమ్మలంటే ఇష్టమని తెలిసి తర్వాత ఒక చిత్రకారుణ్ణి కూడా పంపించారు. మీలియుస్ సూళ్ళూరుపేటకి రావడానికి రెండున్నర శతాబ్దాల ముందే ఈ కొండల కింద ఆరాధన జరిగిందన్నమాట.

ఆ చర్చి ఎక్కడ ఉండేదని గార్డుని అడిగాను. “చర్చి బజార్లో ఉంది మేడమ్, ఎడం పక్క” అన్నాడు. అది కాదు, రాయల కాలందని చెబితే కాసేపు ఆలోచించి, ఇంకో గార్డుని పిలిచాడు. ఆయన జామకాయలు అమ్మే ఆమెని అడిగాడు. ముగ్గురూ కలిసి నాకు రాణిమహల్ చూపించారు. జామకాయలు మాత్రం బాగున్నాయి, కారం ఉప్పు అద్ది 20 రూపాయలకి మూడు.

రాజమహల్ మూడంతస్తులు. కట్టె వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపారు. లోపల ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుందట. గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే అదే నునుపు, మా అమ్మమ్మ ఊరి గుడి గోడకి ఉండే నునుపు. పురావస్తు శాఖ చేతిలో పడింది గనక ఇది నిలబడి ఉంది. పాదిరీల చర్చికి అలా ఎవరూ దొరకలేదు. అక్కడే మెట్ల మీద కూర్చుని ఉండగా మా అన్న ఫోన్. శనివారం రావలసిన జేసీబీకి వేరే పని తప్పిపోయిందట, పొద్దున్నే వచ్చి మొదలుపెట్టేసింది.

శుక్రవారం సాయంత్రం, ఊళ్ళో

పుత్తూరులో మా అన్న కోసం ఆగలేదు. ఆటో మాట్లాడుకుని “ఊళ్ళో చర్చి తావ దింపన్నా” అన్నాను. ఆయన తిన్నగా తీసుకెళ్ళి రోడ్డు వారన కొత్తగా కట్టిన ప్రార్థనా మందిరం ముందు ఆపాడు. ముందు భాగం మూడంతస్తుల ఎత్తు, వెనక రేకుల షెడ్డు, నెత్తిన ఎల్‌ఈడీ సిలువ. “ఇది కాదన్నా, పాతది.” “పాతదా? అది పడేసినారు గదమ్మా!” తెలిసీ ఎందుకు ఇక్కడికి తెచ్చావంటే, “చర్చి అన్నారు, ఉండేది ఇదే” అన్నాడు. ఆయన మాట తప్పని ఎలా అనడం.

నేను వెళ్ళేసరికి గుడి నడిమి భాగం లేదు. పెంకులు ముందే దించి చింతచెట్టు కింద వరసగా పేర్చారు. రెండు పక్కల గోడలూ నేలమట్టం. పడమర వైపు ముఖద్వారం గోడ, తూర్పున బలిపీఠం వెనక గుండ్రంగా తిరిగిన గోడ, ఆ రెండే ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ఆ గుండ్రటి గోడకి మూడు సన్నటి కిటికీలు, పైన కమానుల్లో ఎర్ర, ఆకుపచ్చ అద్దాలు. చిన్నప్పుడు ప్రసంగం వినకుండా ఆ ఎర్రరంగు కడప బండల మీద ఎక్కడిదాకా జరిగిందో చూస్తూ కూర్చునేదాన్ని. అది మా ముందు వరసకి చేరిందంటే ఆరాధన అయిపోవచ్చిందని లెక్క.

జేసీబీ అబ్బాయికి పాతికేళ్ళుంటాయేమో. నడుముకి మొలతాడు, బండి అద్దానికి నిమ్మకాయలు. పొద్దున “మీ అయ్యగారు ప్రార్థన చేస్తేనే నేను బండెక్కేది” అని పట్టుబట్టాడట. పాస్టరు గారు వచ్చి, ప్రార్థన చేసి, అతని తల మీద చెయ్యి పెట్టాకే ఇంజను స్టార్ట్ చేశాడు. “ఏ గుడైనా పాపం పాపమే గదక్కా” అన్నాడు నాతో, నేను తెచ్చిన టీ తాగుతూ. ముఖద్వారం గోడ రేపటికి ఉంచమంటే ఉంచాడు. అదనంగా డబ్బులేం అడగలేదు.

గోడ తెగిన చోట పొరలన్నీ బయటపడ్డాయి. పైన నీలం రంగు, దాని కింద పసుపు, దాని కింద తెల్ల సున్నం, తర్వాత అంగుళం మందాన సిమెంటు పూత. ఆ సిమెంటు పెచ్చుని పట్టి లాగాను, పలకలా ఊడొచ్చింది. వెనకనున్న ఇటుక రవ్వలడ్డూలా పొడిపొడిగా రాలింది. ఇంకొంచెం ఎగువన, సిమెంటు తగలని చోట, పాత సున్నపు పూత అట్లానే ఉంది. గోరుతో గీకినా గీత పడలేదు.

శనివారం

పొద్దున ముఖద్వారం గోడ పడింది. దాని గురించి రాయడానికి పెద్దగా లేదు. రెండు దెబ్బలు, బోలెడు దుమ్ము, పిల్లల కేకలు. మా పెద్దమ్మ రాలేదు. “నేను చూడలేనమ్మా, నువ్వు పో” అంది.

తర్వాత చింతచెట్టు కింద మంచాల మీద పంచాయితీ. మిషన్ బళ్ళో పనిచేసి రిటైరైన ఐవారు, సంఘ పెద్దలు ఇద్దరు, తాపీ పని మానేసి చాన్నాళ్ళయిన ముసలి మేస్త్రి ఒకాయన. నేను నిలదీయడానికి రాలేదని వాళ్ళకి అర్థమయ్యేదాకా కాస్త బిగుసుకునే మాట్లాడారు. అర్థమయ్యాక ఆగలేదు.

ఐవారు చెప్పింది ఇదీ. మిషన్ బడి మూతపడ్డాక ఇళ్ళు ఖాళీ కావడం మొదలైంది. చదువుకున్నవాళ్ళు చెన్నైకి, తిరుపతికి. శ్రీసిటీ పారిశ్రామికవాడ వచ్చాక కుర్రాళ్ళంతా కంపెనీ బస్సులు ఎక్కారు, షిఫ్టులకి ఆదివారం ఉండదు. ఉన్నవాళ్ళలో సగం రోడ్డు పక్క కొత్త మందిరానికి మళ్ళారు. అక్కడ కీబోర్డు ఉంది, ఫ్యాన్లున్నాయి. ఇక్కడేమో కోతులు. మామిడి తోటల్లోంచి వచ్చి కప్పు మీద గెంతుతాయి, పెంకు జరుగుతుంది, వాన లోపలికి దిగుతుంది. మార్చడానికి పెంకు దొరకదు. 2021 నవంబరు వానలకి తిరుపతి మునిగింది చూడండి, ఆ వానలకే దక్షిణం వైపు దూలం తల కుళ్ళి కూలిపోయింది. లోపల ఎవరూ లేరు గనక సరిపోయింది. ఆనాటి నుంచి బయటే, టార్పాలిన్ కింద ఆరాధన.

“పిల్లోళ్ళ మీద పడుంటే ఏం చెప్పేవాళ్ళం?” అన్నాడు ఒక పెద్దాయన. దానికి నా దగ్గర జవాబు లేదు.

అసలు గోడ ఎందుకు పాడయిందో చెప్పింది మేస్త్రి. తెగిన పొరల్లో నేను చూసిందే ఆయన మాటల్లో విన్నాను. సున్నపు గోడ తడి పీలుస్తుంది, ఎండకి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే లోపలికెళ్ళిన తడికి బయటికి దారి ఉండదు. నేల నుంచి ఎక్కిన ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకని తినేస్తుంది. “నలభై ఏళ్ళ కింద గోడ పెచ్చులూడుతోందని సిమెంటు పూసినాం. నేనే పూసినా. అందరూ బాగుందన్నారు” అన్నాడు. ఆయన నాన్న కాలంలో సున్నం రోజుల తరబడి నానేసి, ఇసుకతో గానుగలో తిప్పి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి వాడేవారట. ఇప్పుడు ఆ పని తెలిసినవాళ్ళు కావాలంటే తమిళనాడులోని కారైకుడి వైపు నుంచి పిలిపించాలి. పిలిపిస్తే ఎంతవుతుందో కనుక్కున్నారు కూడా. కొత్త గుడి కట్టడానికయ్యే దాంట్లో సగం పైమాటే.

సగమే గదా అని నేనన్నాను. అప్పుడు మా అన్న నవ్వాడు. కొత్త గుడికి చందా అడిగితే బెంగళూరు వాళ్ళు, దుబాయ్ వాళ్ళు, అమెరికా వాళ్ళు ఇస్తారు. కిటికీకి ఒకరు, ఫ్యానుకి ఒకరు, గేటుకి ఒకరు, అందరి పేర్లూ నల్లరాయి మీద చెక్కుతారు. పాత దూలం మార్చడానికి ఇవ్వమంటే ఎవరి పేరు ఎక్కడ చెక్కాలి? ఈ గుడిని జేసీబీ రెండు రోజుల్లో పడగొట్టింది గానీ, చంపింది మాత్రం ఆ సిమెంటు పూత, ఈ నల్లరాయి పలకలు. ఊరు విడిచిపోయి పండక్కొచ్చి ఫొటోలు దిగే నాబోటి వాళ్ళు కూడా ఆ పలకల మీద పేర్లున్న జాబితాలోనే ఉంటారు.

నూరేళ్ళు దాటితే గవర్నమెంటే కాపాడాలి గదా అని మా అన్న ఎవరినో అడిగాడట. 1958 నాటి చట్టం ప్రకారం వందేళ్ళు నిండడం ఒక షరతు మాత్రమే. జాతీయ ప్రాముఖ్యం ఉందని కేంద్రం ప్రకటిస్తేనే పురావస్తు శాఖ బోర్డు పెడుతుంది. మెదక్ చర్చిలాంటిదైతే చూడ్డానికి బస్సులేసుకుని వస్తారు, 2024 క్రిస్మస్‌కి దానికి వందేళ్ళ పండగ కూడా చేశారు. నూటయాభై మంది పట్టే పల్లెటూరి గుడికి చుట్టుపక్కల పది ఊళ్ళలో ప్రాముఖ్యం ఉంటుందంతే.

మాటల మధ్య ఒక కుర్రాడు పెంకు పట్టుకొచ్చి, “అక్కా, చూడు, గుడి కట్టింది 1865లో!” అన్నాడు. పెంకు వెనక బేసిల్ మిషన్ టైల్ వర్క్స్ అనీ, 1865 అనీ ముద్ర ఉంది. మంగళూరులో ఆ పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం అది. దేశమంతా పోయిన ప్రతి పెంకు మీదా అదే ఉంటుంది. చెప్పాను. కుర్రాడి ముఖం చిన్నబోయింది. మీలియుస్ దొర సూళ్ళూరుపేటకి వచ్చింది కూడా ఆ సంవత్సరమే అని ఐవారు అనగానే మళ్ళీ వెలిగింది. సాయంత్రానికల్లా ఊరంతా 1865 ఖాయమైపోయింది. నేనింక కలగజేసుకోలేదు.

మధ్యాహ్నం సంఘ పెద్ద ఇంట్లో భోజనం. రాగి సంగటి, ఊరిబిండి, వంకాయ పులుసు, పెరుగు. ఆ ఇంటామె ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి, నేను వద్దన్న కొద్దీ ఇంకో ముద్ద పెట్టింది. ఇక్కడ వద్దన్న మాటకి విలువ లేదు, చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డిస్తారు. పక్క చేలో చెరకు గానుగ ఆడుతోంది. బెల్లం పాకం వాసన ఇంట్లోకి వస్తోంది. వచ్చేటప్పుడు అరటాకులో వేడి బెల్లం చుట్టిచ్చారు. డబ్బులివ్వబోతే కోప్పడ్డారు.

ఆదివారం

శిథిలాల పక్కనే షామియానా. అద్దె ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదానికి కాలు విరిగితే ఇటుక పెట్టారు. ఆ ఇటుక గుడిదే. ఇంతమంది రావడం చాన్నాళ్ళకి చూశామన్నారు అందరూ. చెన్నై నుంచి, తిరుపతి నుంచి వచ్చారు, నాలాగే ఫోన్లు అందుకుని. గుడి నిలబడి ఉన్నప్పుడు వచ్చుంటే బాగుండేదని పైకి అనకపోయినా, ముందు వరసలో కూర్చున్న ముసలాళ్ళ చూపుల్లో అది ఉంది.

పాస్టరు గారు కుర్రాయన, వచ్చి ఏడాది కూడా కాలేదు. యెరూషలేము గుడి గోడల గురించి ప్రసంగం ఉంటుందనుకున్నాను. ఆయన దాని జోలికే పోలేదు. పునాది ఎన్ని అడుగులు తీయాలి, నల్లరేగడి వల్ల ఎన్ని పిల్లర్లు ఎక్కువవుతాయి, సిమెంటు బస్తాలు ఎవరెవరు మాటిచ్చారు అని లెక్కలు చదివాడు. మొదట చిరాకేసింది. కాసేపటికి, ఏడవకుండా ఉండటానికి అదొక దారేమో అనిపించింది.

గంట చింతకొమ్మకి వేలాడదీశారు. పాత ముఖద్వారం మీద ఎత్తున ఉండేది కాబట్టి ఇంత దగ్గరగా ఎవరమూ చూసింది లేదు. మసి రంగు, చుట్టూ జర్మన్ అక్షరాలు. కంచుది అనుకున్నాం గానీ కాదు, స్టీలు. జర్మనీలో బోఖుమ్ అనే ఊళ్ళో స్టీలుతో చర్చి గంటలు పోతపోసేవాళ్ళు, కంచు కన్నా చవక. మిషన్లు డబ్బు చూసుకుని కొనేవి. పాతసామాన్ల వాడు మాగ్నెట్ పెట్టి చూసి, “ఇది ఇనుమే, కిలో ముప్పై” అని పోయాడట. కంచుదైతే ఏ రాత్రో దొంగలు దించుకుపోయుండేవాళ్ళు. మోత మాత్రం ఖంగుమంటుంది. రెండు మైళ్ళ అవతల గొర్రెలు కాసేవాళ్ళకి టైము చెప్పిన గంట.

సోమవారం, చిత్తూరు

దూలాలు, తలుపులు కొన్న కట్టెల వ్యాపారి చిత్తూరులో ఉన్నాడు. మిగతా డబ్బు తేవడానికి మా అన్న వెళ్తుంటే నేనూ కారెక్కాను. దారి పొడవునా మామిడి పూత, చెరకు బండ్లు. చిత్తూరు వైపు వచ్చేసరికి చర్చిల కథ మారిపోతుంది. ఇటు జర్మన్లు కాదు, అమెరికన్ ఆర్కాటు మిషన్. 1853లో స్కడర్ అన్నదమ్ములు మొదలుపెట్టింది. ఆ మిషన్‌లోనే తర్వాత వచ్చిన జేకబ్ చాంబర్లిన్ మదనపల్లెలో వైద్యం చేస్తూ తెలుగు బైబిలు సవరణ పని కూడా చూశాడు. 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడ్డాక ఇటు సంఘాలన్నీ అందులో కలిశాయి. మా లూథరన్లు కలవలేదు. ఇవన్నీ మా అన్నకి చెబుతుంటే “నువ్వు బాగానే చదివినావే” అన్నాడు, రోడ్డు మీది గేదెల్ని తప్పిస్తూ.

ఒక మెస్‌లో భోజనం. అరటాకు, సంగటి, నాటుకోడి పులుసు, మనిషికి 180. ఎముకల్లోంచి మూలుగు పీల్చడం చేతకాక నేను వదిలేస్తుంటే వడ్డించే పెద్దాయన ఊరుకోలేదు. “అట్ల వదిలేస్తే ఎట్లమ్మా” అని పక్కన నిలబడి పద్ధతి నేర్పించాడు.

డిపోలో సగం తమిళనాడు వైపు ఇళ్ళ తలుపులు, సగం మన వైపువి. సుద్దముక్కతో ఊరు పేరు, కొలత రాసి ఉన్నాయి. మా గుడి దూలాలు ఒక పక్క పడేసి ఉన్నాయి, చెదలు తిన్న తలల్ని అప్పటికే రంపంతో కోసేశారు. కోసిన చోట టేకు కొత్తదానిలా మెరుస్తోంది. వ్యాపారి మర్యాదస్తుడు, మజ్జిగ తెప్పించాడు. మంచి సరుకంతా కారైకుడి పోతుందని, అక్కడి నుంచి రిసార్టులకీ, పెద్ద హోటళ్ళకీ వెళ్తుందని చెప్పాడు. గుడి పెద్ద తలుపు గోడకి ఆనించి ఉంది. కమాను ఆకారపు రెండు రెక్కలు, ఒకదాని మీద ఎవరో పిల్లవాడు మేకుతో చెక్కిన ఇంటి బొమ్మ. నలభై వేలు చెప్పాడు. మా వాళ్ళకి ఇచ్చింది అందులో మూడో వంతు కూడా కాదు. హైదరాబాద్‌లో మా ఫ్లాటు ద్వారం ఆ తలుపు ఎత్తులో సగం ఉంటుంది. కొనే ప్రశ్నే లేదు, అయినా బేరమాడాను. ముప్పై రెండుకి దిగాడు. మా అన్న నా చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి లాక్కెళ్ళాడు.

తిరుగు దారిలో బాప్తిస్మాల రిజిస్టర్ల సంగతి అడిగాను. పాతవి కొన్ని జర్మన్‌లో, తర్వాతవి తెలుగులో, పాస్టరు గారి ఇంట్లో బియ్యం డబ్బాల పక్కన ట్రంకు పెట్టెలో ఉన్నాయి. మా అమ్మమ్మ పేరు, ఆమె అమ్మ పేరు వాటిలో ఉండాలి. ఫోన్‌తోనైనా ప్రతి పేజీ ఫొటో తీద్దామని, వాన తగలని చోటికి మార్పిద్దామని అన్నాను. దానికి అయ్యే ఖర్చు నేను ఇస్తానని కూడా చెప్పాను. ఇల్లు చేరాక కొత్త గుడికి చందా పంపించి, పాస్టరు గారికి ఇదే మళ్ళీ మెసేజ్ పెట్టాను. రసీదు వెంటనే వచ్చింది, కిటికీకి నా పేరు ఏ స్పెల్లింగుతో చెక్కించాలో అడుగుతూ. రిజిస్టర్లు ఈస్టర్ అయ్యాక చూద్దాం అన్నారు.